పార్కు గేటు దగ్గర నేను ఆపిన మనిషి

ఇన్నేళ్లుగా ఒక మాటను లోపలే మోస్తున్నాను. అది బరువని తెలియడానికే చాలా కాలం పట్టింది. మొదట్లో జాగ్రత్త అనుకున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

ఎల్బీనగర్ దగ్గర ఓ పెద్ద పార్కులో భద్రతాధికారిగా పనిచేశాను. పార్కు భూములు చూసుకునే సంస్థ మాకు పోలీసుల అధికారాలు కొన్ని ఇచ్చింది. ఎవరినైనా ఆపొచ్చు, సోదా చేయొచ్చు, బయటికి పంపి మళ్లీ రాకుండా నిషేధించొచ్చు. జనం నడకకు వచ్చేవారు, నేను వాళ్ల నడత చూసేవాణ్ణి. ఇంట్లో మాత్రం నాది హోంగార్డు హోదా కూడా కాదు.

ఎంత బాగుండేవి ఆ పొద్దుటిపూటలు! తడి గడ్డి వాసన, నవ్వుల క్లబ్బు వాళ్ల బలవంతపు నవ్వులు, చెట్లకు పాఠాలు అప్పజెప్పే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ పిల్లలు. వాళ్ల మధ్య మల్లయ్య తాత. నల్గొండ వైపు నుంచి వచ్చిన పాత లారీ డ్రైవరు. కూతురి ఒంటిగది కిరాయింట్లో కాళ్లు చాపుకొనే చోటు లేక పగలంతా పార్కులోనే ఉండేవాడు. కొత్తగా నాటిన సంపంగికి తనే సీసాతో నీళ్లు పోసేవాడు.

దొంగిలించిన మొక్కే బాగా బతుకుతుందని మా ఆవిడ నమ్మకం. సంపంగి కావాలంది. కొని తెస్తానంటే, కొన్నది నాటుకోదంది. ఒక పొద్దున సంపంగిని పెకలించి టిఫిన్ సంచిలో దాచాను.

ఆ రోజే పెద్దసారు తనిఖీకి వచ్చారు. గుంత చూసి, దొంగను పట్టుకోమన్నారు. అందరి సంచులూ సోదా చేశాను, నాది తప్ప. చేతులకు మట్టి ఉన్నది మల్లయ్య తాతకే. ఆయన్నే చూపించాను. ఉద్యోగం పోతుందనా? లేక, ఎదురు తిరిగే బలం లేని మనిషి కళ్లముందు ఉంటే వేలు దానంతటదే అటు తిరుగుతుందా?

"తాతా, రేపట్నుంచి మీరు లోపలికి రాకూడదండి. ఆర్డరు."

"ఏంది సారూ, నేను నీళ్లు పోసిన చెట్టును నేనే గుంజుకపోతనా? గుంజుకపోయి ఏడ పెట్టుకోవాలె, నెత్తిమీదనా?"

నేను గేటు గొళ్లెం వైపు చూశాను.

"మంచిగుంది. దొంగను పట్టినవ్. జర ప్రమోషనన్న ఇస్తరేమో అడుగు."

తర్వాత కొన్నాళ్లు రైలింగు బయట, విజయవాడ బస్సుల పొగలో, బస్టాపులో కూర్చునేవాడు. నిషేధం ఎత్తేసే అధికారమూ నాదే. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే ఎందుకని అడుగుతారని, అడిగితే ఏం చెప్పాలో తెలియక, రోజూ రేపటికి వాయిదా వేస్తూ, అటు చూడకుండా ఈల ఊదుకుంటూ తిరిగాను. ఒకరోజు బస్టాపులో ఆయన లేడు. మళ్లీ కనిపించలేదు.

వెతికానా? లేదు. క్షమించమని మిమ్మల్ని అడిగి లాభం లేదు, అది మీ అధికారం కాదు. ఆ మొక్కను తీసింది నేను, మల్లయ్య తాత కాదు. ఇంత చిన్న వాక్యం. ఇన్నాళ్లకు బయటికి వచ్చింది.