పన్నెండో షరతు

ఆరు నెలల కిందటి వరకు, టీ పొడి ప్యాకెట్టు మీది అక్షరాలన్నీ గట్టిగా చదివితే గానీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఇప్పుడు ప్యాకెట్టు చడీచప్పుడు లేకుండా తెరుచుకుంటోంది. చదివే మనిషి లేరు.

అచ్చులో ఉన్నది ఏదైనా సరే, చివరి చుక్కదాకా చదవందే వదలకపోవడం ఆయన జబ్బు. బస్సు టికెట్టు వెనక నిబంధనలు చదువుతూ దిగాల్సిన చోటు దాటిపోయేవారు. తిరుగు బస్సెక్కి, కొత్త టికెట్టు చదువుతూ ఇల్లూ దాటిపోయేవారు. దగ్గుమందు కాగితం పూర్తయ్యేసరికి దగ్గే విసిగిపోయి తగ్గిపోయేది. చుట్టాల పిల్లలు షరతుల మావయ్య అని పేరు పెట్టారు.

బ్యాంకుకి వెళ్తే ఆయన భార్యకు తల కొట్టేసినట్టుండేది. చీటీ వెనక్కి తిప్పి ఆయన చదువుతుంటే వరుస వీధిలోకి పాకేది.

"పెద్దాయనా, వచ్చేటప్పుడు నున్నగా గీసుకొచ్చాను. చూడండి గడ్డం ఎలా మొలిచిందో," అన్నాడోసారి వెనక నిలబడ్డతను.

"రెండు లైన్లే బాబూ. నువ్వూ చదువు, పనికొస్తుంది."

ఆవిడ ఈయనెవరో తెలియనట్టు పక్కకు జరిగేది.

తీరా చదవని కాగితం మీద సంతకం పెట్టింది ఆవిడే. వ్యాను కోసం అప్పు చేస్తూ తమ్ముడొచ్చాడు. ఆ రోజు ఆయన ఊళ్లో లేరు.

"అక్కా, ఇక్కడొకటి, ఇక్కడొకటి. ఊరికే, పద్ధతి కోసం."

ఆవిడది మూడో తరగతి చదువు. ఒత్తులున్న పెద్ద మాటలొస్తే కళ్లు తడబడేవి. ఆ సంగతి కట్టుకున్నవాడికే చెప్పలేదు, తమ్ముడికేం చెబుతుంది? గీకేసింది.

వ్యాను మూలపడింది. అప్పు వచ్చి ఆవిడ పేరున ఉన్న ఇంటి గుమ్మం ఎక్కింది. తీసుకున్నవాడు కట్టకపోతే హామీ పెట్టినవాళ్లే మొత్తం కట్టాలి, తగువొస్తే మధ్యవర్తి తేల్చాలి అని పన్నెండో షరతులో ఉందట.

మధ్యవర్తి రిటైరైన జడ్జి. బల్లకి అటు బ్యాంకు మేనేజరు, లాయరు. ఇటు భార్యాభర్తలిద్దరు.

"చదివే సంతకం పెట్టారా అమ్మా?"

ఆయన ఒక్కసారి ఆవిడ ముఖం చూశారు.

"నేను చదివి చెప్పాల్సిందండి. చదవకుండా పెట్టమన్నాను. తప్పు నాది."

లాయరుకి నవ్వాగలేదు. "అయ్యా, ఈయన ఇందాక మన గుమ్మం దగ్గర మంటలార్పే డబ్బా మీది రాతలు ఇరవై నిమిషాలు చదివారు."

"అదొక్కటే వదిలేశానండి," అన్నారు ఆయన తలొంచుకుని.

"సరే, ఈయన చదవలేదు. మీలో ఎవరైనా ఆవిడకు చదివి వినిపించారా?" అన్నారు మధ్యవర్తి.

మేనేజరు ఫ్యాను వైపు చూశాడు. అపరాధ వడ్డీ ఎగిరిపోయింది. అసలు నాలుగేళ్ల వాయిదాల్లో కట్టారు. ఇల్లు మిగిలింది.

పరువే మిగల్లేదు. "ఊరందరి కాగితాలూ చదివి ఇంటి కాగితం వదిలేశారట," అని తోడికోడలు వచ్చినప్పుడల్లా ఎత్తేది. అందరికంటే ముందు ఆయనే నవ్వేవారు. తమ్ముడికి సరిగ్గా అప్పుడే దాహం వేసేది, మంచినీళ్లకని లేచేవాడు. ఆవిడ వంటింట్లో గరిటె తిప్పుతూ వినేది. పదకొండేళ్లలో ఒక్కసారైనా నిజం చెప్పలేదు. నోటిదాకా వచ్చిన మాటను సిగ్గు మింగేసేది.

తీర్పు మర్నాడే ఆయన జబ్బు ముదిరింది. అంతవరకు మనసులో చదువుకునేవారు, గట్టిగా మొదలెట్టారు. టీ ప్యాకెట్టు ఆవిడ ముందు పెట్టి, అక్షరం కింద వేలు ఆనించి, ఒత్తు దగ్గర ఆగి, మళ్లీ పలికి.

"చెవులు చిల్లులు పడుతున్నాయి. మెల్లగా చదువుకోకూడదూ?"

"గట్టిగా అయితేనే నాకు ఎక్కుతుందే."

ఇవాళ ఆయన ఖాతా ఆవిడ పేరుకి మార్చే కాగితాలు బ్యాంకు నుంచి తోడికోడలు తెచ్చింది.

"ఇక్కడ పెట్టెయ్ అక్కయ్యా. బావగారిలా మొదలుపెట్టకు."

ఆవిడ కలం పక్కన పెట్టింది. మొదటి మాట కింద వేలు ఆనించింది. హక్కు. ఒత్తు దగ్గర ఆగింది, మళ్లీ పలికింది. హక్కుదారు. తడబాటు లేదు. టీ ప్యాకెట్టు మీద ఆ వేలు ఎవరికోసం నడిచిందో ఆవిడకు అప్పుడు తెలిసింది.

"ఆ రోజు మీ బావగారు ఊళ్లోనే లేరు. చదవకుండా పెట్టింది నేను. చదవడం రాదని చెప్పడానికి సిగ్గేసింది."

తోడికోడలు కాగితం మీదికి వంగింది. "మరి ఇప్పుడు?"

"నువ్వూ విను, పనికొస్తుంది."

మొదటి పేజీ తిరిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

"అక్కయ్యా, పొద్దున్ననగా నానేశావు, బకెట్లో బట్టలు..."

"నాననీ. ఇంకా నాలుగో షరతే."