గోరింటాకు కింద గోరు

ఆషాఢంలో నూరిన గోరింటాకు వాసన తగిలితే అందరికీ పండుగలా ఉంటుంది, నా చూపు మాత్రం కాళ్ళ మీదికే పోతుంది. నిన్న మా అమ్మాయి నా చేతులకు పెట్టడం అయిపోయి, గిన్నె పట్టుకుని కాళ్ళ దగ్గరికి జరిగింది. నేను చప్పున కాళ్ళు ముడుచుకున్నాను. నా పిరికితనం మా ఇంట్లో అందరికీ వేళాకోళమే. కానీ ఈ ఒక్క భయం మాత్రం నాది కాదు, నాగమ్మత్త ఇచ్చి పోయింది.

ఎమ్మిగనూరులో మా పక్కిల్లు ఆమెది. గుంత మగ్గం మీద నేత నాకు నేర్పింది ఆమే. ఎండాకాలం పోగులు ఎండి తెగకుండా మగ్గం గుంతలో నీళ్ళు చల్లుతాం. ఆ చెమ్మలోనే కాళ్ళు పెట్టి పొద్దంతా తొక్కాలి. నేను పైకి రాగానే అత్త ఒక పాతగుడ్డ నా మీదికి విసిరేది.

"వేళ్ళ సందుల్లో తుడుసుకో పాపా. తడి నిలిస్తే గోరు సెడతాది."

తను మాత్రం తడికాళ్ళతోనే వంటింట్లోకి పరుగెత్తేది. ఆమె కాలి బొటనవేలి గోరు ఏడాది పొడుగునా గోరింటాకుతో ఎర్రగా పండి ఉండేది. ఈ వయసులో ఏం సోకు అత్తా అని ఆటపట్టించేదాన్ని. ఒకరోజు ఆ ఎరుపు వెలిసిపోయి అసలు గోరు బయటపడింది. పసుపుపచ్చగా, దళసరిగా పైకి లేచి, అంచున పిండిలా రాలుతోంది. పోగులు కోసే బ్లేడుతోనే దాన్ని చెక్కుకుంటోంది. పక్కన చర్మం తెగి చీము పట్టింది. అత్తకు షుగరుంది. డాక్టరు దగ్గరికి పోదాం పద అన్నాను.

"నిమ్మరసం పూసినా, కొబ్బరినూనె పూసినా, పోలేదు పాపా. డాక్టరు సూస్తే వేలు తీసేయల్లంటాడు. వేలు పోతే మగ్గం ఎట్ల తొక్కేది?"

మరునాడు బలవంతంగా ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాను. బస్సులో ఆమె నా చెయ్యి వదలలేదు. ధైర్యం చెప్పాల్సిన నేనే ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

డాక్టరమ్మ వేలు నొక్కి చూసింది. "గోటికి ఫంగస్ పట్టింది. కొత్త గోరు పూర్తిగా వచ్చేదాకా నెలల తరబడి మందు వాడాలి. షుగరు ఉన్నవాళ్ళు ఇంట్లో బ్లేడు ముట్టుకోకూడదు. పుండు ముదరకముందే వచ్చారు కాబట్టి వేలికి భయం లేదు."

"వేలు ఉంటాదంట" అంది అత్త నాతో, డాక్టరమ్మ మాట నేను విననట్టు.

ఆ తర్వాత ఆమె గోళ్ళు తీసే కత్తెర వేరు, తుడుచుకునే గుడ్డ వేరు. చెప్పులు ఎండలో ఆరాల్సిందే. అత్తకు చూపు ఆనేది కాదు కనుక, మగ్గం ఎక్కేముందు ఆ వేళ్ళు చూసి చెప్పడం నా పని. భయంతో చూసిందే మళ్ళీ చూసేదాన్ని. ముందు గోటి మొదట్లో నెలవంకంత మంచి గోరు వచ్చింది, తర్వాత మెల్లగా పైకి జరిగింది. ఆషాఢం వస్తే చేతులు మాత్రమే చాపేది.

"కాళ్ళకొద్దు పాపా. కనపడనీ."

అత్త పోయినప్పుడు ఆ కాళ్ళు కడిగింది నేనే. ఏడుస్తూనే వేళ్ళన్నీ చూశాను. గోళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయి.

ఇప్పుడు నాకూ షుగరుంది. నిన్న కాళ్ళు ముడుచుకున్నది అందుకే. బొటనవేలి గోటి అంచున పచ్చటి గీత ఒకటి కొన్నాళ్ళుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఎవరికీ చెప్పలేదు. ఎర్రటి ముద్ద ఒక్కటి పెట్టించుకుంటే నాకూ కనపడకుండా పోతుంది. అమ్మాయి గిన్నెతో అలాగే కూర్చుని ఉంది.

"అది పక్కన పెట్టు పాపా" అన్నాను, కాలు చాపి. "ముందు ఈ గోరు సూడు."