నర్సమ్మను పిలుస్తా

ఆరేళ్ల మనవడికి సంగటి తినిపించేటప్పుడు హనుమంతమ్మ ముద్దను ఊరుబిండి పచ్చడిలో అద్ది, రెండో చేతి చూపుడువేలితో వాడి తొడను పొడుస్తుంది. “మింగుతావా, నర్సమ్మతో సూది ఏపించల్లా?” తిప్పేష్ మింగుతాడు. స్నానానికీ నిద్రకూ అదే మాట. బెళుగుప్పలో టీకాల రోజు, పసివాళ్లకు గిలక్కాయ ఆడించి సూది వేసే నర్సమ్మ, “భయపెట్టొద్దవ్వా” అంది. “భయం లేకుంటే యాడ ఇంటారమ్మా?” అని హనుమంతమ్మ నవ్వింది.

చేలో కుక్క కరిచినప్పుడు, సూది వేయిస్తారని తిప్పేష్ గాయానికి మట్టి పూసి, ముల్లు గీసుకుందన్నాడు. నెల దాటి, ఇక ఏ సూదీ పనిచేయని వేళ, నీళ్ల చెంబు చూస్తేనే వాడి గొంతు బిగుసుకుపోయింది. హనుమంతమ్మకు తెలిసిన ఉపాయం ఒకటే. “తాగుతావా, నర్సమ్మను పిలవల్లా?”

“పిలువవ్వా” అని వాడు తొడ చాపాడు.