సుమిమాసేన్, ఏమండీ, ఓయ్

తిరువళ్లూరులో తిరుత్తణి బస్సెక్కేసరికి నాకు నిలబడే ఓపిక లేదు. ఉన్న ఒక్క ఖాళీ సీటు మీద ఒకామె సంచి ఉంది. "ఏమండీ, కాస్త సంచి తీస్తారా?" అన్నాను, మా గోదావరి అలవాటుకొద్దీ.

కంపెనీ యూనిఫాంలో, కిటికీకి తల ఆనించి కునికిపాట్లు పడుతున్న ఆమె కళ్లు తెరిచి నవ్వింది. "మా పక్క మొగుణ్ణే అట్ల పిలిచేది అన్నా."

పనిచేసేది జపాన్ కంపెనీలోనట. "జపానోళ్లు మమ్మల్ని పిలవాలంటే 'సుమిమాసేన్' అంటారు. క్షమించమని అర్థం. వాళ్ల భాషలో గూడా 'ఓయ్' ఉండాది, కానీ అది మర్యాద లేని పిలుపు."

"మరి మీ సూపర్‌వైజర్ ఏమని పిలుస్తాడు?"

"ఆయప్ప మన పక్కోడే. పొద్దన్నుంచీ ఓయ్, ఓయ్ అనే." ఆమె తల మళ్లీ కిటికీకి ఆనించింది. "ఓయ్ అనేది నేర్పేదానికి జపానోళ్లు రావల్నా అన్నా?"