పదమూడు మంది బియ్యం

బందరులో ఆడపిల్లల హాస్టలుకి సహాయ వార్డెనుగా చేరేనాటికి నాకున్న విద్య ఒక్కటే, లెక్క. ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు ధాన్యం బస్తాలు పడవకెక్కుతుంటే ఎంచుతూ పట్టుబడింది. యాభై ఆరుగురు పిల్లలకి ఎంత బియ్యం ఉడకాలో చూసి చెప్పగలను.

కానీ అక్కడ చెప్పవలసింది నేను కాదు, పిల్లలు ఎన్నుకున్న మెస్ లీడరు. ఆ ఏడు తోట్లవల్లూరు అమ్మాయి, మెతక మనిషి. "నాకు చేతకాదండీ, ఇంకొకళ్ళని పెట్టండి," అని పెద్ద వార్డెనుగారిని అప్పటికే రెండుసార్లు అడిగింది.

ఒక శనివారం దివిసీమ పిల్లలు పదముగ్గురు ఇళ్ళకి బయలుదేరారు. లీడరు వంటామెకి నలభై మూడని చెప్పింది. బయట ఒకటే వాన. బస్సు రాదని, వీళ్ళు తిరిగొస్తారని నాకు తోచి, ఇంకో పదమూడు మందికి బియ్యం కడిగించాను.

పెద్ద వార్డెనుగారు చూశారు.

"ఎవరు చెప్పారు?"

"నేనేనండి."

"ఆ పిల్లకి చెప్పావా?"

"ఎందుకండీ, తేలిక లెక్కేగా."

"నీకు తేలికమ్మా. రేపు నువ్వు లేకపోతే?"

కడిగిన బియ్యం పక్కన పెట్టించి, నన్ను నోరెత్తకుండా గోడవారన నిలబడమన్నారు.

దీపాలు పెట్టేవేళకి పదముగ్గురూ తడిసి వచ్చారు.

"లీడరమ్మా, మా కంచాలేవీ?" అని ఒకతె ఎకసెక్కెమాడింది.

లీడరు నా వంక చూసింది. తల దించుకున్నాను. అంత కష్టమైన పని అప్పటివరకు చెయ్యలేదు.

"పొరపాటు నాదే, వాన సంగతి ఆలోచించలేదు," అంది లీడరు. "తడిసినవాళ్ళు ముందు కూర్చోండి. పొడి బట్టలవాళ్ళు పన్నెండు మంది నాతో రండి, మన పదముగ్గురికీ మళ్ళీ వండుదాం."

"నువ్వు తినవుటే?" అంది ఆ ఎకసెక్కెం పిల్లే.

"ముందు నువ్వు తిను తల్లీ, కాసేపు నోరు మూతపడుతుంది!"

అందరూ నవ్వారు. మళ్ళీ ఎప్పుడూ మానేస్తానని ఆ అమ్మాయి అనలేదు.

తరవాతి వేసవిలోనే పెద్ద వార్డెనుగారు గుడివాడ వెళ్ళిపోయారు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పేది నేనే. వాన కురిసే శనివారం వాళ్ళ చెయ్యి బియ్యం డబ్బా మీదికి వెళ్తే ఆపుతాను. ఆపి, తడిసిన పిల్లలు వస్తారేమోనని గుమ్మం వైపు చూస్తాను. ఆ సాయంత్రం నేను సరిగ్గా నిలబడ్డానో లేదో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

గుడివాడ ఇరవై చిల్లర మైళ్ళు. పొద్దున బస్సెక్కితే భోజనాలకి తిరిగి రావచ్చు. ఏళ్ళ తరబడి ఆ లెక్క వేసుకుని, మొన్న వెళ్ళాను. ఆవిడ ఇంట్లో వేరేవాళ్ళుంటున్నారు. ఆవిడ పోయి రెండేళ్ళయిందట. తిరుగు బస్సుకి ఇంకా గంట ఉంది. ఆ గంటా వాళ్ళ అరుగు మీదే కూర్చున్నాను.