గోవా ఆయనకు చేసిన సన్మానం

ఫుట్‌బాల్ కోచ్‌ని అవుతానంటే మా చిలకలూరిపేటలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "మంచిదేగా. మరి ఉద్యోగం ఏం చేస్తావు?" అని అడిగేవాళ్ళు. కోచింగే ఉద్యోగం అంటే, వినపడనట్టు ఇంకో విషయంలోకి వెళ్ళిపోయేవాళ్ళు.

మా నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో ఎక్కడ చూసినా దూదే, అన్నంలో కూడా. నేను గుంటూరులో డిగ్రీ చదువుతూ బంతి పట్టుకున్నాను. గొప్ప ఆటగాణ్ణేం కాదు, ఎడమ మోకాలు తొందరగానే మొరాయించింది. కానీ బయట నిలబడి చూస్తుంటే, ఎవడు ఎక్కడ తప్పుగా నిలబడ్డాడో బంతి అక్కడికి చేరకముందే నాకు కనపడేది. ఈ ఒక్కటే నాకు దేవుడిచ్చింది అనుకుని కలకత్తా వెళ్ళి కోచింగ్ కోర్సు చేశాను. తొంభైల చివర్లో ఆ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాను. నాతోపాటు చదివిన కేరళ వాళ్ళూ, గోవా వాళ్ళూ వాళ్ళ వాళ్ళ క్లబ్బుల్లో చేరిపోయారు. నన్నెవరూ పిలవలేదు కాబట్టి ఇంటికొచ్చాను. మా జిల్లాల్లో కోచ్ అంటే డ్రిల్లు మాస్టారు. ఆగస్టు పదిహేనుకి లైన్లు కట్టించాలి, ప్రార్థనలో మాట్లాడే పిల్లల్ని రెండు పీకాలి. అంతే.

పొద్దున్నే హైస్కూలు గ్రౌండులో పిల్లల్ని పోగేసి ఆడించేవాణ్ణి. ఎక్కువమంది పత్తి జిన్నింగు మిల్లుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. మిరపకోతలు మొదలైతే సగంమంది తల్లుల వెంట పొలాలకు పోయేవాళ్ళు. మర్నాడు వచ్చి అవే చేతులతో కళ్ళు తుడుచుకుని, మంటెక్కి ఏడుస్తూ పరిగెత్తేవాళ్ళు. అయినా ఆడేవాళ్ళు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పిల్లలు బంతి రాకముందే తల తిప్పి చూడటం నేర్చుకున్నారు. చెప్పుకోవడానికి ఇది చిన్న విషయం. నేర్పినవాడికి తెలుస్తుంది.

బంతులూ బూట్లూ ఒక మిల్లు యజమాని కొనిచ్చేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. ఆయన చెడ్డవాడు కాదు, ఈ మాట ముందే చెప్పాలి. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

ఒకరోజు గోవా నుంచి నా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. వాళ్ళ క్లబ్బులో పిల్లల జట్టుకి అసిస్టెంట్ కోచ్ కావాలట. ఎంపిక చేసే పెద్ద కోచ్ విజయవాడ నుంచి కారులో మద్రాసు వెళ్తూ, మా ఊళ్ళో ఒక పూట ఆగి నా ప్రాక్టీసు చూస్తాడట. "హడావుడేం వద్దు. రోజూ ఎలా చేయిస్తావో అలా చేయించు. ఆయనకి కావలసింది అదే" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నా కాళ్ళు నేలమీద నిలవలేదు. మా ఊరు దాటి, నాకు వచ్చిన పని చేసుకుంటూ బతికే దారి అదొక్కటే కనపడింది.

ఆ పూటకి గ్రౌండు ఖాళీగా ఉంచమని హెడ్మాస్టరుకి చెప్పించడానికి పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. అంతకుమించి నేనేం అడగలేదు.

"ఏరా అబ్బాయ్, అంత దూరం నుంచి మనూరొస్తంటే ఆయన్ని మట్టిలో నిలబెడతావా? మనం మనుషులం కామా?" అన్నాడు.

"వద్దండీ. ఆయనకి ఆట చూడ్డమే కావాలండీ."

"చూస్తాళ్ళే. ముందో దండ వేస్తే ఆట ఎక్కడికన్నా పారిపోద్దా?"

ఆయన వచ్చే రోజు పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళి చూద్దును కదా, ఒకవైపు గోల్‌పోస్టుకి అడ్డంగా షామియానా లేచి ఉంది. పెనాల్టీ ఏరియాలో గుంజలు పాతారు. సగం గ్రౌండు నిండా కుర్చీలు. వెనక పెద్ద ఫ్లెక్సీ. అందులో పెద్దాయన ఫోటో ఉంది. గోవా ఆయన ఫోటో దొరక్క ఆయన స్థానంలో బంతి బొమ్మ వేశారు. నా పెళ్ళి ఫోటోలోంచి నన్నొక్కణ్ణే కత్తిరించి, బాసికంతో సహా, పక్కన అతికించారు. సన్నాయీ డోలూ కూడా పిలిపించారు. నా పిల్లలు జెర్సీలు వేసుకుని, బంతిపూల పళ్ళేలు పట్టుకుని గేటు దగ్గర రెండు వరసల్లో నిలబడ్డారు. వాళ్ళను నిలబెట్టింది నేను కాదు.

ఆయన కారు దిగాడు. సన్నగా, నల్లగా, యాభై దాటిన మనిషి. నిక్కరు, మెడలో విజిల్, మట్టి బూట్లు. నేరుగా గ్రౌండులోకి దిగడానికే వచ్చినట్టున్నాడు. ఆయన మీద పూలు చల్లి, పెళ్ళికొడుకుని కూర్చోబెట్టే ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన పక్కన నేను. మున్సిపల్ చైర్మన్ గారు రాలేదని ఆగాం. ఆయన వచ్చాక జ్యోతి వెలిగించారు. గాలికి అది ఆరింది, మళ్ళీ వెలిగించారు. తర్వాత ఉపన్యాసాలు. ఒకాయన క్రికెట్ గురించి మాట్లాడి కూర్చున్నాడు. గోవా ఆయన గడియారం చూసుకుని నావైపు తిరిగాడు. ఐదు నిమిషాలు సార్ అన్నాను. ఇంకోసారి చూశాడు. మళ్ళీ అదే అన్నాను.

అంతటితో అయిపోలేదు. పెద్దాయన మైకు తీసుకుని, "ఇలాంటి కోచ్ మనూళ్ళో పుట్టడం మన అదృష్టం" అన్నాడు. మిర్చి వ్యాపారులు, లారీ ఓనర్లు, పత్తి కమీషన్ వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నాకు శాలువాలు కప్పారు. ఎప్పుడూ నా ముఖం చూడనివాళ్ళు కూడా కప్పారు. షామియానా కింద అన్ని శాలువాల్లో నేను ఉడికిపోతుంటే, అవతల నా పిల్లలు ఎండలో వాడిపోతున్నారు. లేచి అరవాలనిపించింది. కానీ దండ వేస్తున్న మనిషి మీద ఎలా అరుస్తాం? అది మాకెవరూ నేర్పలేదు.

చివరికి మిగిలిన సగం గ్రౌండులో ఆడించాను. కాళ్ళు పట్టేసిన పిల్లలు బంతిని తన్నితే అది కుర్చీల్లోకి పోయింది. కుర్చీల్లోని పెద్దలు చప్పట్లు కొట్టారు. గోవా ఆయన ఒక టీ తాగేంతసేపు చూశాడో లేదో, పెద్దాయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఇంట్లో పెసరట్టు ఉప్మా చల్లారిపోతోంది, తినకుండా పంపితే ఊరికి మాట వస్తుందని తీసుకుపోయాడు. టిఫిను అయ్యాక కారు డిక్కీలో మిరపకాయల బస్తా ఎక్కించారు. కారెక్కుతూ ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇక్కడ మీకెంత గౌరవం ఉందో చూశాను. అదృష్టవంతులు" అన్నాడు. అది మెచ్చుకోలు అనుకున్నాను.

వెనక్కి వచ్చేసరికి పిల్లలు షామియానా నీడలో కూలబడి ఉన్నారు.

"సార్, మా ఆట గురించి ఏమన్నాడు సార్?"

"బాగుందన్నాడు" అన్నాను.

వారం తిరక్కుండా క్లాస్‌మేట్ మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "నువ్వా ఊళ్ళో చాలా పెద్దమనిషివటగా. ఇక్కడ పిల్లల బూట్లు కడగాలి, వాళ్ళకి జ్వరమొస్తే హాస్టల్లో పక్కన పడుకోవాలి. అంత గౌరవానికి అలవాటుపడినవాడు ఈ పని చెయ్యలేడు అన్నాడు మా పెద్ద కోచ్." ఉద్యోగం మద్రాసు కోచ్ ఒకడికి ఇచ్చారట. పెద్ద కోచ్ వచ్చాడని తెలిసి కూడా వాడు ప్రాక్టీసు ఆపి నమస్కారం పెట్టలేదట. అదే నచ్చిందట.

నేను పెద్దమనిషినట! అద్దె ఇంట్లో ఒక్క గదిలో నలుగురం పడుకునేవాళ్ళం. పిల్లల బూట్లు కడగడం కాదు, వాళ్ళ కాళ్ళు కడగమన్నా కడిగేవాణ్ణి. ఎవరికి చెప్పుకోను? నన్ను తక్కువ చేసి ఉంటే ఎదురు తిరిగేవాణ్ణి. ఎక్కువ చేసి పోగొట్టారు. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

ఫోన్ వచ్చిన సాయంత్రం మిల్లుకి వెళ్ళి పెద్దాయనకు ఒక్కటే చెప్పాను, ఉద్యోగం రాలేదండీ అని. ఆయన నిజంగా బాధపడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. నా భుజం తట్టాడు.

"మనం చేసింది వాళ్ళ కంటికి ఆనలేదురా. అంతేలే. దిగులుపడమాక. మళ్ళీ ఎవరన్నా వస్తే ముందే చెప్పు, ఈసారి ఇంకా ఘనంగా చేద్దాం."

అలాగేనండీ అన్నాను.