వీపుతో టీవీ చూసిన మా పిన్ని

మా పిన్ని ఇరవై ఏళ్ళపాటు టీవీని వీపుతో చూసింది. నమ్మకపోతే మానేయండి. కళ్ళతో చూసేవాళ్ళు లోకంలో కోట్లమంది ఉన్నారు, వాళ్ళ గురించి రాయడానికి చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. వీపుతో చూసిన మనిషి మాత్రం ఒక్కతే. ఆవిడ మా అమ్మకి చెల్లెలు. ఆవిడ గురించి రాసే అర్హత నాకు తప్ప ఎవరికీ లేదు. బడికీ నాకూ తొమ్మిదో తరగతిలోనే చెడింది కాబట్టి, తోటివాళ్ళు ఇంటిలెక్కలు చేసుకునే సాయంత్రాలన్నీ నేను పిన్ని వాళ్ళ ముందుగదిలోనే గడిపాను. దాన్నే నా పైచదువు అనుకోండి.

పిన్ని ఇంట్లోనే బట్టలు కుడుతుంది. జాకెట్లు, గౌన్లు, పిల్లల చొక్కాలు. వాళ్ళ ముందుగదికి ఉన్నది ఒకే కిటికీ. కుట్టుమిషను దాని కిందే ఉండాలి, లేకపోతే నల్లగుడ్డ మీద నల్లదారం కనపడి చావదు. టీవీ ఏమో వెనకగోడ దగ్గర బల్ల మీద ఉండేది. ప్లగ్గు అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. మిషను ముందు కూర్చుంటే పిన్ని మొహం కిటికీకి, వీపు టీవీకి. కొత్తలో ఒకసారి, ఎవరో గొల్లుమన్నారని వెనక్కి తిరిగింది. ఆ తిరిగిన క్షణంలోనే సూది వేల్లో దిగింది. ఆ తర్వాత టీవీలో భూకంపం వచ్చినా తిరగలేదు. నిజంగానే ఒకసారి వచ్చింది, ఆవిడ తాపీగా అంచు మడుచుకుంటూ కూర్చుంది.

మరి సీరియల్ ఎలా చూసేదంటారా? అందుకు మా బాబాయి ఉన్నాడు.

బాబాయి బస్టాండు పక్కన చిన్న బడ్డీలో తాళాలు బాగుచేస్తాడు, మారు తాళంచెవులు కోస్తాడు. ఊరందరి తాళాలూ తీసిపెట్టి, వాటిలో గట్టిది ఒకటి ఏరుకుని తన నోటికి వేసుకున్నాడని మా అమ్మ అనేది. పెద్ద అబద్ధమేమీ కాదు. ఆయన ఇంటికొస్తే చెప్పులు విడిచిన చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. అన్నం పెట్టమని అడగడు, పీట మీద కూర్చుంటాడు. జ్వరం వచ్చిందని చెప్పడు, దుప్పటి కప్పుకుంటాడు. అలాంటి మనిషి పొద్దు వాలేవేళకి సీరియల్ పాట మొదలవగానే, పిన్ని వెనక కుర్చీ వేసుకుని నోరు తెరిచేవాడు.

"ఏడుస్తోందాండీ?" అనేది పిన్ని, మిషను తొక్కుతూనే.

"ఇంకా లేదు. పెదవి కొరుక్కుంటోంది."

"కోడలో?"

"గుమ్మం పట్టుకుని నుంచుంది. లోపలికి రాదు ఇది."

"అత్తగారు ఇవాళేం వేసుకుంది?"

ఇక్కడ మాత్రం బాబాయి కాసేపు ఆగేవాడు. కుర్చీలో ముందుకి వంగి, రెండు మోకాళ్ళ మీదా చేతులానించి, కళ్ళు చికిలించి చూసేవాడు. "మెడ కింద చీలిక ఉంది. పైన గుండ్రంగా, కింద సన్నగా. తాళం కన్నం లాగ."

"ఎంత పొడుగు?"

"నీ బొటనవేలంత."

పిన్ని సుద్దముక్క తీసుకుని గుడ్డమీద గీసేసుకునేది. ఆయన కళ్ళు, ఆవిడ చేతులు. ఆ గంటా వాళ్ళిద్దరూ కలిసి ఒక్క మనిషి. గంట అయ్యాక బాబాయి నోటికి మళ్ళీ తాళం పడేది.

అలా గీసి కుట్టినవాటికి మా వీధిలో 'సీరియల్ మోడల్' అని పేరొచ్చింది. తాళం కన్నం మెడ, వెనకవైపు గడియలా అడ్డంగా పడే పట్టీ, తాళంకప్పలా గుండ్రంగా లేచిన భుజాలు. గాలి గట్టిగా వీస్తే మా వీధి ఆడవాళ్ళ మెడల కిందనుంచి ఈల వినపడేదని నేను ఎంతోమందికి చెప్పాను, కొందరు నమ్మారు కూడా. పాలబూత్ ఆవిడకి మాత్రం ఒక అనుమానం ఉండేది.

"నేనూ రోజూ చూస్తానమ్మా ఆ సీరియల్. ఈ మెడ ఎప్పుడొచ్చింది?"

"నువ్వు లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళినప్పుడు వచ్చుంటుందిలే" అనేది పిన్ని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని.

అందరూ ఏదో ఒకప్పుడు లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేవాళ్ళే కాబట్టి ఎవరూ ఇంకేమీ అనలేదు.

ఇలా నడుస్తుండగా చిట్టికి ఉద్యోగం వచ్చింది. చిట్టి పిన్ని కూతురు, నాకు చెల్లెలు. కళ్ళద్దాల దుకాణంలో పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనానికి అక్షరాలు చూపించి "కనపడుతోందాండీ?" అని అడిగే పిల్లకి, సొంత తల్లి టీవీకి వీపు పెట్టి కూర్చోవడం కడుపు తరుక్కుపోయేలా ఉంటుంది మరి. ఒకరోజు గోడకి బిగించే పెద్ద టీవీ, బిగించే మనిషి, బారెడు వైరు, అన్నిటినీ ఒకేసారి వెంటబెట్టుకొచ్చింది.

"కిటికీ పక్కనే పెట్టిస్తున్నా. మిషను కదపక్కర్లేదు, నువ్వు మెడ తిప్పక్కర్లేదు. ఇన్నేళ్ళకైనా కళ్ళారా చూడవే అమ్మా!"

పాత టీవీని మోసి మూలన పెట్టింది నేనే. ఆ బరువుకి నా నడుం రెండంగుళాలు కుంగింది, ఇప్పటికీ తిరిగి లేవలేదు.

ఆ సాయంత్రం సీరియల్ మొదలైంది. పిన్ని తలెత్తితే చాలు, ఎదురుగా టీవీ. బాబాయి అలవాటుగా వెనక కుర్చీలో కూర్చున్నాడు.

"ఈవిడెవరే?" అంది పిన్ని.

"అత్తగారే అమ్మా!"

"ఈవిడా? బుగ్గ మీద పుట్టుమచ్చేదీ?"

"పుట్టుమచ్చా?"

"ఇంట్లో మెట్లు ఎర్రవి కదూ?"

"ఎప్పుడూ బూడిదరంగువే. నీకెవరు చెప్పారు ఎర్రవని?"

మిషను మీద పిన్ని కాలు ఆగింది. తెరమీద అత్తగారు అటూ ఇటూ తిరిగింది. మామూలు మెడ, మామూలు చేతులు. వెనక పట్టీ లేదు, ముందు కన్నం లేదు. చిట్టి ఒకసారి తెరకేసీ, ఒకసారి గోడకి తగిలించి ఉన్న తాళం కన్నం జాకెట్టుకేసీ చూసి పకపకా నవ్వేసింది.

"నాన్నా! ఇన్నేళ్ళూ అమ్మకి కట్టుకథలు చెప్పావా? వీధివీధంతా నీ కథలు తొడుక్కుని తిరుగుతోంది నాన్నా!"

కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వడంలో నన్ను మించిన వాడు లేడు కాబట్టి నేనూ నవ్వాను. పిన్ని నవ్వలేదు. బాబాయి కొంచెం నవ్వినట్టే మొహం పెట్టి, "లోపల ఉక్కగా ఉంది" అని లేచి బయట మెట్ల మీద కూర్చున్నాడు.

మర్నాడు కూడా లోపల ఉక్కగానే ఉందన్నాడు. ఆ మర్నాడు వాన పడింది, అయినా ఉక్కే. సీరియల్ వచ్చేవేళకి చేతిలో ఒక తాళంకప్ప పట్టుకుని మెట్ల మీద చేరేవాడు. తీసేవాడు, వేసేవాడు. టిక్కుమని ఒక చప్పుడు, మళ్ళీ టిక్కుమని ఒక చప్పుడు. పిన్ని ఉండబట్టలేక లోపల్నుంచి కేకేసేది.

"ఏవండీ, కోడలు వెళ్ళిపోతోంది చూశారా?"

"నీకు కనపడుతోందిగా."

అంతే. పోట్లాట లేదు, అలక లేదు. ఆ గంటసేపు తప్ప ఆయన దగ్గర మాటల్లేవు, ఇప్పుడు ఆ గంట కూడా పోయింది. పిన్ని కళ్ళు తెరకి అప్పగించి మిషను తొక్కేది. ఒకే జాకెట్టుకి రెండూ ఎడమచేతులే కుట్టింది. పాలబూత్ ఆవిడ గౌనుకి జేబు లోపలివైపు పెట్టింది. ఇరవై ఏళ్ళలో పిన్ని కుట్టు ఊడదీయడం నేను చూడడం అదే మొదటిసారి.

నాలుగో రోజు కుట్లు విప్పుతుంటే పక్కన కూర్చుని, నాకు తగ్గట్టే ఓదార్చాను. "ఏం పిన్నీ, బాబాయి ఇన్నేళ్ళు నిన్ను బుట్టలో వేశాడు. కోపంగా ఉండదూ?"

"బుట్టలో వెయ్యడమేంట్రా సన్నాసీ! తాళాలవాడి పెళ్ళాన్ని. తాళం కన్నం ఏ కొట్లోంచి వచ్చిందో నాకు తెలియదా?"

"తెలిసే కుట్టావా?"

"మొదటిసారే తెలిసింది. ఏ సీరియల్లో అయినా అందరి మెడలకీ తాళం కన్నాలే ఉంటాయేంట్రా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే ఆపేసేవారు." బ్లేడుతో ఒక కుట్టు తెంపింది. "అయినా టీవీలో వీళ్ళవి చూశావా? భుజం దగ్గర ముడత, చంక దగ్గర లాగుడు. ఎవడు కుట్టాడో కానీ వాడి చేతిలో కత్తెర పెట్టకూడదు. వీటికంటే ఆయన చెప్పినవే నయం."

"ఆ మాటేదో బాబాయితోనే అనొచ్చుగా!"

"నాకు ముందునుంచీ తెలుసంటే ఇంకా సిగ్గుపడిపోతారు. బడ్డీలోనే మంచమేసుకుంటారు." మెట్లవైపు చూసి, గొంతు తగ్గించింది. "ఒరేయ్, చిట్టి వచ్చేలోగా ఆ టీవీ పీకి వెనకగోడకి పెట్టగలవా?"

పెట్టగలవా అని నన్నా అడగడం! నేను తలుచుకుంటే గోడనే వెనక్కి జరపగలను. చిట్టి వచ్చేసరికి టీవీ పాత చోట ఉంది, కిటికీ పక్క నాలుగు మేకులు మిగిలాయి.

"ఇదేంటమ్మా!"

"ఆ వెలుగు కళ్ళలో కొడుతోందే. సూదిలో దారం ఎక్కడం లేదు."

"కళ్ళద్దాలు తెచ్చిపెడతాను కదే!"

"కళ్ళద్దాలు నాకొద్దు. గోడ మారిస్తే చాలు, మారింది" అని పిన్ని మిషను ముందు కూర్చుని మొహం కిటికీకి తిప్పేసింది.

సీరియల్ పాట వచ్చింది. బయట మెట్ల మీద తాళం టిక్కుమంది. ఆయన రాలేదు. వెనక కుర్చీ ఖాళీగా ఉంది. పిన్ని దాంట్లో కూర్చోమని నాకు సైగ చేసి, వీధి చివరిదాకా వినపడేట్టు అడిగింది.

"అత్తగారు ఏం వేసుకుందిరా?"

నేను చూశాను. "బట్టలు వేసుకుంది పిన్నీ."

"బట్టలు లేకుండా ఎవరొస్తార్రా టీవీలోకి! ఏ రంగు?"

"పచ్చ. కాదు, నీలం. ఆగు, లైటు మారింది."

"చేతులెలా ఉన్నాయి?"

"రెండున్నాయి."

"నీకు తొమ్మిదో తరగతిలో చదువెందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది! మెడ చెప్పు, మెడ!"

"మెడ... తలకాయ కింద ఉంది."

మెట్ల మీద టిక్కుచప్పుడు ఆగిపోయింది. మెడ తలకాయ కింద ఉందని చెప్పేవాణ్ణి ఏ పనిమంతుడూ భరించలేడు. చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. నేను కుర్చీలోంచి లేచి గోడ పక్కకి తప్పుకున్నాను.

"పొట్టిచేతులు" అన్నాడు బాబాయి గుమ్మంలోంచే.

పిన్ని తిరిగి చూడలేదు. కాలు మాత్రం మిషను మీద నెమ్మదించింది. "ఎంత పొట్టి?"

"మోచేతికి జానెడు పైకి." వచ్చి కూర్చున్నాడు. ముందుకి వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "అంచున మడత ఉంది. మడత మీదకి చిన్న నాలుక వచ్చి, దానికి గుండీ. పెట్టె గొళ్ళెం లాగ."

ఆ క్షణంలో టీవీలో అత్తగారు లేదు. మధ్యలో వచ్చిన ప్రకటనలో ఎవరో బట్టతలాయన పళ్ళపొడి డబ్బా చేత్తో పట్టుకుని ఇకిలిస్తున్నాడు. చిట్టి తెర చూసింది, వాళ్ళ నాన్నని చూసింది. మాట కోసం నోరు తెరిచింది. పిన్ని చెయ్యి అప్పటికే సుద్దముక్క కోసం తడుముతోంది. చిట్టి నోరు మూసుకుని, ఆ సుద్దముక్క తీసి తల్లి చేతిలో పెట్టింది.

"గుండీ ఎటువైపు?" అంది పిన్ని.

"బయటివైపు."

"ఒకటేనా?"

బాబాయి కళ్ళు చికిలించి పళ్ళపొడి ఆయన్ని నిదానంగా పరిశీలించాడు. "ఒకటే. ఇత్తడిరంగు."

మూడోవారానికల్లా మా వీధిలో సగం జాకెట్ల చేతులకి గొళ్ళేలు పడ్డాయి. పాలబూత్ ఆవిడ రెండు కుట్టించుకుంది, ఈసారి ఏమీ అడగలేదు. కిటికీ పక్కన మిగిలిన నాలుగు మేకులకీ పిన్ని కత్తెర, టేపు, దారపుకండె, కళ్ళద్దాల పెట్టె తగిలించుకుంది. కళ్ళద్దాలు చివరికి చిట్టి తెచ్చేసిందిలెండి. పెట్టె మాత్రం ఇంకా తెరవలేదు.

ఇదంతా రాసుకుని నిన్న వెళ్ళి పిన్నికి మొదటినుంచీ చదివి వినిపించాను. వీధి ఈలలు ఉన్నచోట కూడా ఆవిడ మిషను ఆపలేదు. మొత్తం అయ్యాక దారం పంటితో తెంపి, గుడ్డ దులిపి, ఇలా అంది:

"వీపుతో చూడడమేంట్రా, నీ కోతలూ నువ్వూ. ఆ నాలుగు రోజులు తప్ప నేను టీవీ చూసిందే లేదు. ఆయన చెప్తుంటే విన్నాను, అంతే."